మన బొమ్మ, వాళ్ల పత్రిక: డార్ట్‌మౌత్ రివ్యూ చరిత్ర మనకెందుకు?



కొంచెం పెద్ద పోస్టు, ఓపికగా చదవండి. మన గ్రూపులో కొన్నాళ్లుగా ఒక చర్చ నడుస్తోంది. "మన స్టూడెంట్స్‌మే కలిసి ఒక ఆన్‌లైన్ పత్రిక పెట్టుకుందాం" అని కొందరు అంటున్నారు. "పెడితే పెట్టండి గానీ అందులో రాజకీయం వద్దు, ఏ పక్షమూ లేకుండా ఉండాలి" అని ఇంకొందరు అంటున్నారు. ఈ రెండు మాటలూ విన్నాక నాకు అమెరికాలో ఒక విద్యార్థి పత్రిక చరిత్ర గుర్తొచ్చింది. అది అక్కడి ఆదివాసీలు నడిపిన పత్రిక కాదు, వాళ్ల బొమ్మను జెండాలా పట్టుకుని వేరేవాళ్లు నడిపిన పత్రిక. మనం మొదలుపెట్టే ముందు ఆ కథ తెలుసుకుంటే మంచిదనిపించింది.

అంతకంటే ముందు నా సంగతి ఒకటి చెప్తా. నేను డిగ్రీ రెండో ఏడు చదువుతున్నప్పుడు మా కాలేజీ వార్షికోత్సవంలో "ట్రైబల్ డ్యాన్స్" అని ఒక ఐటమ్ పెట్టారు. మొహాలకు మసి పూసుకుని, నడుముకు ఆకులు చుట్టుకుని, నెత్తిన ఈకలు గుచ్చుకుని స్టేజీ మీద గంతులేశారు. వేసినవాళ్లలో మనోళ్లు ఒక్కరు కూడా లేరు. హాస్టల్ నుంచి వెళ్లిన మేము వెనక వరసలో కూర్చుని చూశాం. మా ఊళ్లో పండక్కి కొమ్ములు పెట్టుకుని డోలు కొట్టే పెద్దాయన ఉన్నాడు. ఆ కొమ్ముల తలపాగాని ఏడాదంతా ఇంట్లో ఎంత భద్రంగా దాస్తాడో నాకు తెలుసు. స్టేజీ మీద చూసింది అది కాదు. తర్వాత కాలేజీ మ్యాగజైన్‌లో ఆ ఫొటో అచ్చయింది, కింద "అడవి బిడ్డల ఆనంద నృత్యం" అని రాశారు. మేము ఒక జవాబు రాసి తీసుకెళ్తే "వచ్చే ఏడాది సంచికలో చూద్దాం" అన్నారు. వచ్చే ఏడాది సంచిక వచ్చేసరికి మేము కాలేజీ దాటేశాం. ఆ కాగితం ఇప్పటికీ నా పెట్టెలో ఉంది.

ఇప్పుడు అసలు కథలోకి వద్దాం.

1. ఆదివాసీ పేరు మీద కట్టిన కాలేజీ

అమెరికాలో ఐవీ లీగ్ అని పిలిచే ఎనిమిది పేరున్న విద్యాసంస్థల్లో డార్ట్‌మౌత్ కాలేజీ ఒకటి. న్యూ హాంప్‌షైర్ రాష్ట్రంలో హానోవర్ అనే చిన్న ఊళ్లో ఉంటుంది. ఆ కాలేజీ పుట్టుక వెనక సామ్సన్ ఆకమ్ అనే ఆదివాసీ ఉన్నాడు. ఆయన 1723లో మొహీగన్ తెగలో పుట్టాడు. 1743లో ఎలియజర్ వీలక్ అనే తెల్ల పాస్టర్ దగ్గర చదువుకోవడానికి చేరాడు. తర్వాత తానూ పాస్టర్ అయ్యాడు. ఆకమ్ చదువు చూసి వీలక్‌కు ఆదివాసీ పిల్లల కోసం ఒక బడి పెట్టాలనిపించింది. 1754లో పెట్టాడు.

బడికి డబ్బు కావాలి. 1765 చివర్లో ఆకమ్‌ను ఓడెక్కించి బ్రిటన్ పంపించారు. ఆకమ్ అక్కడ రెండేళ్లకు పైగా ఊరూరా తిరిగాడు. 300కు పైగా ప్రసంగాలు చేశాడు. ఆదివాసీ పిల్లల చదువు కోసమని సుమారు 12,000 పౌండ్లు పోగుచేశాడు. ఆ రోజుల్లో అది చాలా పెద్ద మొత్తం. 1768లో తిరిగొచ్చి చూస్తే ఆయన కుటుంబం ఇబ్బందుల్లో ఉంది. నేను చూసుకుంటానన్న వీలక్ సరిగా చూసుకోలేదు. పైగా ఆ డబ్బుతో వీలక్ న్యూ హాంప్‌షైర్ వెళ్లి 1769లో డార్ట్‌మౌత్ కాలేజీ పెట్టాడు. కాలేజీ చార్టర్‌లో ఆదివాసీ యువకుల చదువు అనే మాట ముందే ఉంది, ఇంగ్లీషు యువకుల పేరు దాని తర్వాతే వస్తుంది. తరగతి గదుల్లో మాత్రం తెల్ల పిల్లలే నిండారు. 1771లో వీలక్‌కు రాసిన ఉత్తరంలో ఆకమ్ ఆ మాట మొహం మీదే అన్నాడు, ఈ చదువుల తల్లి తెల్ల బిడ్డలకే పాలిచ్చే తల్లి అయిపోయిందని. తను తెచ్చిన డబ్బుతో లేచిన ఆ కాలేజీలో ఆయన ఎన్నడూ అడుగు పెట్టలేదు.

లెక్క చూడండి. మొదటి 200 ఏళ్లలో అక్కడ డిగ్రీ పూర్తి చేసిన ఆదివాసీలు 19 మంది. వాళ్లలో ఒకరు డకోటా తెగకు చెందిన చార్లెస్ ఈస్ట్‌మన్. 1887లో డిగ్రీ తీసుకుని తర్వాత డాక్టరయ్యాడు. 1890లో ఊండెడ్ నీ దగ్గర సైన్యం జరిపిన మారణకాండలో గాయపడ్డ తనవాళ్లకు వైద్యం చేసింది ఆయనే. అంటే చదువుకున్న ఒక్కరూ ఎంత పనికొచ్చారో, చదువు అందని వందల మందితో మనం ఎంత పోగొట్టుకున్నామో ఈ 19 అనే అంకె చెప్తుంది.

2. మనిషి లేడు, బొమ్మ ఉంది

క్లాసులో ఆదివాసీ లేడు గానీ ఆటస్థలంలో ఆదివాసీ బొమ్మ ఉంది. 1920ల నుంచి డార్ట్‌మౌత్ క్రీడాజట్లను "ఇండియన్స్" అని పిలవడం మొదలైంది. ఆ పేరు పెట్టింది ఎక్కువగా ఆటల వార్తలు రాసే పత్రికలవాళ్లే. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, పేరు కూడా పత్రికల నుంచే వచ్చింది. తర్వాత ఈకలు పెట్టుకున్న తలబొమ్మ స్వెట్టర్ల మీదికి ఎక్కింది. మ్యాచుల్లో రంగులు పూసుకుని కేకలు పెట్టేవాడు ఒకడు తయారయ్యాడు. 1930ల చివర్లో భోజనశాల గోడల మీద తాగి తూగుతున్న ఆదివాసీలు, అర్ధనగ్నంగా ఉన్న ఆదివాసీ ఆడవాళ్లు కనిపించే చిత్రాలు వేయించారు.

1970లో జాన్ కెమెనీ అనే గణిత శాస్త్రవేత్త కాలేజీ ప్రెసిడెంట్ అయ్యాడు. కాలేజీ పుట్టినప్పటి మాట నిలబెట్టుకుందామని, ఆదివాసీ విద్యార్థులను చేర్చుకుంటామని ప్రకటించాడు. 1972లో ఆదివాసీ అధ్యయనాల విభాగం పెట్టారు. ఆడపిల్లలను చేర్చుకోవడం మొదలైంది కూడా ఆ ఏడాదే. అట్లా వచ్చిన కొద్దిమంది ఆదివాసీ విద్యార్థులు చేసిన మొదటి పనుల్లో ఒకటి ఆ బొమ్మ వద్దనడం. 1974లో కాలేజీ ట్రస్టీలు కూడా ఆదివాసీ విద్యను పెంచుతామంటూనే ఈ బొమ్మను వాడడం పొసగదని తేల్చారు. జట్ల పేరు "బిగ్ గ్రీన్" అయింది.

కథ ఇక్కడితో అయిపోవాలి. కానీ అసలు కథ ఇక్కడే మొదలైంది.

3. 1980: రివ్యూ వచ్చింది

డార్ట్‌మౌత్‌లో అప్పటికే ఒక విద్యార్థి దినపత్రిక ఉంది, పేరు "ది డార్ట్‌మౌత్". అమెరికాలో అన్నిటికంటే పాత కాలేజీ పత్రిక మాదేనని చెప్పుకుంటుంది. అందులో విభేదించి బయటికొచ్చిన కొందరు విద్యార్థులు 1980లో "ది డార్ట్‌మౌత్ రివ్యూ" పెట్టారు. జెఫ్రీ హార్ట్ అనే ఇంగ్లీషు ప్రొఫెసర్ వాళ్లకు పెద్దదిక్కు. ఆయన "నేషనల్ రివ్యూ" అనే సంప్రదాయవాద పత్రికకు కూడా సంపాదకుల్లో ఒకరు.

కాలేజీ సొమ్ము ఒక్క డాలరు తీసుకోలేదు. ఆఫీసు కాలేజీది కాదు. విద్యార్థులే రాసి, దిద్ది, పంచేవాళ్లు. మాది ఫలానా రాజకీయం అని దాచుకోకుండా చెప్పుకున్నారు. స్వతంత్ర విద్యార్థి పత్రిక అంటే ఏమేం ఉండాలని మనం అనుకుంటామో అన్నీ ఉన్నాయి. ఇప్పుడు ఆన్‌లైన్‌లో కూడా నడుస్తోంది.

ఆ పత్రిక మొదటి నుంచీ పట్టుకున్న పోరాటాల్లో ఒకటి "ఇండియన్" బొమ్మను తిరిగి తేవడం. ఆ తలబొమ్మతో టీ షర్టులు వేయించి క్యాంపస్‌లో తిప్పారు. ఆదివాసీలు వద్దన్న బొమ్మ వాళ్లకు స్వేచ్ఛకు గుర్తు అయింది.

వాళ్ల వాదన కూడా న్యాయంగా చెప్పుకోవాలి. క్యాంపస్‌లో అందరూ ఒకే రకం ఉదారవాద అభిప్రాయం మాట్లాడుతున్నారని, వేరే మాట అన్నవాణ్ని నోరు నొక్కేస్తున్నారని వాళ్లు అన్నారు. ఆ బొమ్మ ధైర్యానికి గుర్తే గానీ అవమానం కాదన్నారు. కాలేజీ పెద్దలను భయపడకుండా ప్రశ్నించారన్నది నిజమే. ఏ సంస్థకైనా అట్లాంటి ప్రశ్న అవసరమే. ఇందులో మనం కాదనేదేం లేదు.

కానీ రాతలు ఎటు పోయాయో చూడండి. 1982లో నల్లజాతి విద్యార్థుల మాటతీరును వెక్కిరిస్తూ ఒక వ్యాసం వేశారు. అది చూసి పత్రిక సలహా సంఘంలో ఉన్న రిపబ్లికన్ పార్టీ నాయకుడు జాక్ కెంప్ కూడా తప్పుకున్నాడు. దక్షిణాఫ్రికా వర్ణవివక్షకు వ్యతిరేకంగా విద్యార్థులు కాలేజీ మైదానంలో గుడిసెలు వేసి నిరసన తెలుపుతుంటే, 1986 జనవరిలో ఒక రాత్రి 12 మంది సుత్తులతో వాటిని పగలగొట్టారు. వాళ్లలో ఎక్కువమంది రివ్యూలో పనిచేసేవాళ్లే. 1990లో యూదుల పవిత్రదినం ముందు వచ్చిన సంచికలో పత్రిక పేరు ఉండే పెట్టెలోనే హిట్లర్ మాటలు అచ్చయ్యాయి. ఎవరో కావాలని చొప్పించారని సంపాదకులు అన్నారు. కాలేజీలో పెద్ద నిరసన సభ జరిగింది.

4. 2006 నవంబర్

మనకు దగ్గరగా తగిలే ఘట్టం ఇది. 2006లో డార్ట్‌మౌత్‌లో ఆదివాసీ విద్యార్థులకు ఒకదాని మీద ఒకటి అవమానాలు ఎదురయ్యాయి. కొలంబస్ దినం నాడు వాళ్లు డోలు కొట్టి చేసుకుంటున్న కార్యక్రమాన్ని కొందరు మధ్యలో దూరి చెడగొట్టారు. ఇంకోచోట "కౌబాయ్‌లు, ఇండియన్లు" అని వేషాల పార్టీ జరిగింది. ఇక ఊరుకోలేక ఆదివాసీల తరఫున "ది డార్ట్‌మౌత్" పత్రికలో రెండు పేజీల ప్రకటన వేయించారు. కాలేజీ ప్రెసిడెంట్ స్పందించాడు.

దానికి రివ్యూ ఇచ్చిన జవాబు నవంబర్ 28 సంచిక ముఖచిత్రం. కోసిన మనిషి నెత్తిచర్మం చేత్తో ఎత్తి పట్టుకున్న ఆదివాసీ బొమ్మ, దాని మీద "ఆదిమవాసులు అసహనంగా ఉన్నారు" అనే అర్థం వచ్చే వెటకారపు శీర్షిక. మరుసటి రోజే వందల మంది కాలేజీ మైదానంలో గుమిగూడి ఆదివాసీ విద్యార్థుల పక్కన నిలబడ్డారు. ఆ ముఖచిత్రం విషయంలో పొరపాటు జరిగిందని సంపాదకుడు తర్వాత ఒప్పుకున్నాడు.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. ఒక పక్క సొంత పత్రిక ఉన్నవాళ్లు, ఇంకో పక్క తమ మాట చెప్పడానికి వేరేవాళ్ల పత్రికలో ప్రకటనగా జాగా తీసుకున్నవాళ్లు. ప్రకటన ఒక్క రోజు ఉంటుంది. పత్రిక వచ్చే వారం కూడా వస్తుంది, మళ్లీ ఇంకో బొమ్మ వేస్తుంది. నా పెట్టెలో ఉన్న కాగితం నాకు గుర్తొచ్చింది ఇక్కడే. తప్పు బొమ్మ వేసినవాడికి సంచిక మీద సంచిక ఉంది. జవాబు చెప్పాల్సిన మాకేమో "వచ్చే ఏడాది" ఉంది.

5. ఆ పత్రిక ఎట్లా నిలబడింది?

విద్యార్థి పత్రికలు మామూలుగా పెట్టినవాళ్లు పాసై పోగానే ఆగిపోతాయి. రివ్యూ 40 ఏళ్లు దాటినా ఆగలేదు. కోపంతో కాకుండా దాని కారణాలు చూడాలి.

ఒకటి, డబ్బు. పాత విద్యార్థులకు చందాలకు పంపి వాళ్ల నుంచి విరాళాలు తీసుకున్నారు. ఓలిన్ ఫౌండేషన్ లాంటి సంప్రదాయవాద సంస్థలు నిధులిచ్చాయి. అంటే కాలేజీ నుంచి స్వతంత్రమే గానీ దాతల నుంచి కాదు. "స్వతంత్రం" అనే మాట వినగానే ఎవరి నుంచి అని అడగాలి.

రెండు, శిక్షణ. అక్కడ రాయడం నేర్చుకున్నవాళ్లు దేశ స్థాయికి వెళ్లారు. బొంబాయిలో పుట్టి చదువుకోడానికి అమెరికా వెళ్లిన దినేష్ డిసౌజా రివ్యూ సంపాదకుడిగా చేసి, 1983లో డిగ్రీ పూర్తిచేసి, కొన్నేళ్లకే రీగన్ ప్రభుత్వంలో వైట్ హౌస్ సలహాదారు అయ్యాడు. టీవీ వ్యాఖ్యాత లారా ఇంగ్రహామ్ కూడా అక్కడి నుంచి వచ్చినావిడే. 1987లో స్టాన్‌ఫోర్డ్‌లో పీటర్ థీల్ అదే దారిలో "స్టాన్‌ఫోర్డ్ రివ్యూ" పెట్టాడు. ఒక చిన్న ఊళ్లో పిల్లలు పెట్టిన పత్రిక దేశ రాజకీయానికి మనుషులను తయారుచేసే బడి అయింది.

మూడు, భయం లేకపోవడం. 1988లో ఒక నల్లజాతి ప్రొఫెసర్‌తో జరిగిన గొడవలో కాలేజీ రివ్యూ విద్యార్థులను సస్పెండ్ చేస్తే వాళ్లు కోర్టుకెళ్లారు. 1989లో సస్పెన్షన్ రద్దు చేయించుకుని తిరిగొచ్చారు. అట్లా కోర్టుకెళ్లే స్తోమత, వెనక నిలబడే పెద్దమనుషులు వాళ్లకున్నారు. మన హాస్టల్ పిల్లకు స్కాలర్‌షిప్ ఆగిపోతుందన్న భయమే ముందుంటుంది. పత్రిక పెట్టేటప్పుడు ఈ తేడా మర్చిపోతే దెబ్బతింటాం.

6. ఆదివాసీలే నడిపిన పత్రిక

ఇప్పుడు రెండో వైపు చూద్దాం. అదే అమెరికాలో 1828 ఫిబ్రవరి 21న "చెరోకీ ఫీనిక్స్" అనే పత్రిక వచ్చింది. చెరోకీ తెగ జార్జియాలోని తమ రాజధాని న్యూ ఎకోటా నుంచి దాన్ని నడిపింది. ఇంగ్లీషు, చెరోకీ రెండు భాషల్లోనూ వచ్చేది. ఇంగ్లీషు చదవడం రాని సీక్వోయా అనే చెరోకీ మనిషి 1821 నాటికి తన భాషకు లిపి తయారుచేశాడు. ఆ అక్షరాలను అచ్చు పోయించి వాడారు. సంపాదకుడు ఎలియాస్ బౌడినాట్, మిషన్ బళ్లో చదువుకున్న చెరోకీ యువకుడు. ఆకమ్ లాగే ఆయన కూడా ఊళ్లు తిరిగి ప్రసంగాలిచ్చి డబ్బు పోగుచేశాడు. ఆకమ్ తెచ్చిన డబ్బు వీలక్ చేతికి పోయింది. బౌడినాట్ తెచ్చిన డబ్బు అచ్చుయంత్రమై చెరోకీల చేతిలోనే ఉంది.

ఆ పత్రికకు పక్షం ఉందా? ఉంది. మా భూమి వదలం అన్నదే దాని పక్షం. 1830లో ఆదివాసీలను తరిమే చట్టం వచ్చినప్పుడు దాని మీద ఎదురు రాసింది. అందుకే 1835లో జార్జియా సాయుధ దళం వచ్చి అచ్చుయంత్రాన్ని ఎత్తుకుపోయింది.

అయితే ఇందులో మనకు నచ్చని ముక్క కూడా ఉంది, దాన్ని దాచకూడదు. ఎంత పోరాడినా భూమి నిలబడదని, పోవడమే మేలని బౌడినాట్‌కు అనిపించింది. ఆ వాదన కూడా పత్రికలో వేస్తానన్నాడు. తెగ నాయకుడు జాన్ రాస్ వద్దన్నాడు. 1832లో బౌడినాట్ రాజీనామా చేశాడు. 1835లో నాయకత్వాన్ని కాదని భూమి వదులుకునే ఒప్పందం మీద సంతకం పెట్టాడు. 1838-39లో వేలాది చెరోకీలను బలవంతంగా నడిపించారు, దారిలో నాలుగు వేల మంది దాకా చనిపోయారని అంటారు. 1839లో బౌడినాట్‌ను సొంతవాళ్లే చంపేశారు. ఆయన చేసింది తప్పా ఒప్పా అని చెరోకీలు ఇప్పటికీ వాదించుకుంటారు. ఆ వాదన పత్రికలో బయటపడి ఉంటే ఏమయ్యేదో ఎవరూ చెప్పలేరు గానీ, బయటపడనివ్వకపోవడం వల్ల అది ఆగలేదు అని మాత్రం చెప్పొచ్చు. 2000లో చెరోకీ నేషన్ తన పత్రికకు స్వతంత్రం ఇస్తూ చట్టం చేసుకుంది. "చెరోకీ ఫీనిక్స్" ఇప్పుడు ఆన్‌లైన్‌లో కూడా వస్తోంది.

7. మన సంగతి

"పక్షం లేని పత్రిక" అనే మాటకు నా జవాబు ఇది. రివ్యూకు పక్షం ఉండటం తప్పు కాదు. ఎవరి బొమ్మ వేస్తోందో వాళ్లకు జవాబుదారీ కాకపోవడం తప్పు. ఫీనిక్స్‌కు పక్షం ఉండటం తప్పు కాదు. లోపలి మాటకు జాగా లేకపోవడం లోటు. మన భూమి, మన భాష, మన హాస్టల్ మన పక్షం. అది దాచుకోనక్కర్లేదు. దాంతోపాటు నాలుగు పద్ధతులు పెట్టుకుందాం.

ఎవరి గురించి రాస్తే వాళ్లను ముందు అడగాలి, వాళ్ల జవాబు అదే సంచికలో వేయాలి. అది హాస్టల్ వార్డెన్ కావచ్చు, మన సంఘం నాయకుడు కావచ్చు. తప్పు రాస్తే తప్పని ముందు పేజీలోనే ఒప్పుకోవాలి. డబ్బు ఎవరిచ్చారో ప్రతి ఆరు నెలలకు లెక్క పెట్టాలి, చిన్న చిన్న చందాలే మేలు. రాసినవాళ్లు పాసై పోయేలోపు జూనియర్లకు నేర్పాలి. ఇంకో మాట, కోయలు, గోండులు, లంబాడీలు, సవరలు, చెంచులు, కొండరెడ్లు అందరం ఇక్కడున్నాం. మన మధ్య గొడవలు లేవని నటించొద్దు. ఆ వాదనలు కూడా మర్యాదగా అందులోనే జరగాలి. ఒక తెగ గురించి ఇంకో తెగవాళ్లు వెక్కిరింత రాసే రోజు వస్తే మనమూ రివ్యూనే అవుతాం.

చివరిగా డార్ట్‌మౌత్ సంగతి. రివ్యూ అంత గోల చేసినా ఆదివాసీ విద్యార్థులు వెళ్లిపోలేదు. 1970 నుంచి వెయ్యి మందికి పైగా అక్కడ చదివారు. 1976లో డిగ్రీ పూర్తిచేసిన ఒజిబ్వే రచయిత్రి లూయీస్ ఎర్డ్రిక్‌కు 2021లో పులిట్జర్ వచ్చింది. గుడిసెలు పగిలిన ఆ రోజుల్లోనే చదివి 1990లో పాసైన నవాహో ఆడబిడ్డ హిలరీ టాంప్‌కిన్స్ 2009లో అమెరికా అంతర్గత వ్యవహారాల శాఖకు ముఖ్య న్యాయాధికారి అయింది. భోజనశాల గోడచిత్రాలను 2018లో క్యాంపస్ నుంచి తీసేశారు. 2022 ఏప్రిల్‌లో డార్ట్‌మౌత్ సామ్సన్ ఆకమ్ చేతిరాత కాగితాలను తీసుకెళ్లి మొహీగన్ తెగకు అప్పగించింది. ఆయన ఉత్తరాలు, డైరీలు 250 ఏళ్ల తర్వాత ఇంటికి చేరాయి. ఆయన రాసి పెట్టాడు కాబట్టే తిరిగి రావడానికి ఏదో ఒకటి మిగిలింది.

నా పెట్టెలో ఉన్న జవాబు కాగితాన్ని మొన్న తీసి చదివాను. అక్కడక్కడా తప్పులున్నాయి, కోపం ఎక్కువుంది. కొమ్ములు కట్టే మా పెద్దాయన్ను అడిగి మళ్లీ రాస్తున్నా. పత్రిక పెడితే మొదటి సంచికకు నా వంతు అదే. మీ పెట్టెల్లో ఉన్నవి కూడా బయటికి తీయండి.

జై ఆదివాసీ.